మట్టి కార్డు చేతికొచ్చాక ఏం కొనాలి, ఏం వదలాలి: గుణుపురం, కాశీనగర్ పొలాలకు ఒక సమీక్ష

సర్కారు మట్టి పరీక్ష కార్డుకు మార్కులు వెయ్యమంటే పదికి ఏడు. పోయిన మూడింట్లో ల్యాబు తప్పు తక్కువే. రెండు మార్కులు మట్టి తీసిన దగ్గర పోయాయి, ఒకటి కార్డు చదివే దగ్గర పోయింది. రైతు జేబులోంచి రూపాయి తీయకుండా వచ్చే సేవకు ఏడంటే మంచి మార్కులే. కాకపోతే అందులో రాసిన బస్తాలన్నీ రాసిన వరసలోనే కొనుక్కొస్తే ఎరువు పొలంలో ఉంటుంది, పైరుకు అందదు. ఒడిశాలోని గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు కొండవాలు ఎర్రనేలల్లో జరుగుతున్నది చాలావరకు ఇదే.

కార్డు సంగతి ముందు. ఈ పథకం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైంది. కార్డు మీద 12 అంశాలుంటాయి: పీహెచ్ (నేల పులుపు కొలత; 7 అంటే తటస్థం, అంతకు తగ్గేకొద్దీ పులుపు), లవణాల మోతాదు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. పైరుకు అత్యవసరమైన మూలకాలు 17. అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి, నీళ్ల నుంచి వచ్చేవి. మట్టి ఇవ్వాల్సిన 14లో ఈ కార్డు తొమ్మిదింటిని చూపిస్తుంది. చూపించని వాటిలో కాల్షియం, మెగ్నీషియం, మాలిబ్డినం ఉన్నాయి. మన పులుపు నేలల్లో ముందుగా తరిగిపోయేవి కూడా అవే, కార్డుకు అదొక లోటు. అయితే పీహెచ్ గడి సరిగ్గా చదివితే ఆ మూడింటి సంగతీ చాలావరకు తెలిసిపోతుంది.

రెండో లోటు గ్రిడ్డు. తడి భూమిలో రెండున్నర హెక్టార్లకు ఒకటి, వర్షాధార భూమిలో పది హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి తీయాలన్నది పథకం లెక్క. పది హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. గోదావరి జిల్లాల్లోలా బల్లపరుపు నేల అయితే ఇబ్బంది లేదు. గజపతి, రాయగడ జిల్లాల్లో 25 ఎకరాలంటే పైన డొంగరు (కొండ) అంచు, కింద గరువు (మెట్ట), ఆ కింద పల్లం, మధ్యలో ఒక ఝోలా (వాగు). పైన చోళ్లు (రాగులు), కింద వరి. పై మట్టి పుల్లగా, ఇసుకగా ఉంటే కిందది బంకగా, ఇనుముతో నిండి ఉంటుంది. ఏ మడిలో మట్టి తీశారో తెలియని కార్డు పక్కింటివాడి రక్తపరీక్ష కాగితం లాంటిది. కార్డు మీద సర్వే నంబరు, నమూనా తీసిన చోటు ఉంటాయి. ముందు అవి మీవేనా అని చూసుకోండి. కాకపోతే మీ మట్టి మీరే తీసి ఇవ్వడం మేలు. రాయగడ జిల్లాకు కృషి విజ్ఞాన కేంద్రం గుణుపురంలో ఉంది, గజపతి జిల్లాకు ఆర్.ఉదయగిరిలో ఉంది.

భాష గొడవ ఒకటి. ఇటువైపు ఇచ్చే కార్డు ఒడియాలో ఉంటుంది. మాట్లాడటం వచ్చి చదవడం రానివాళ్లు మనలో చాలామంది. పోర్టల్‌లో తెలుగుతో సహా చాలా భాషల్లో కార్డు తీసుకునే వీలుంది, ముద్రించేటప్పుడే అడగాలి. చేతిలో ఒడియా కార్డే ఉంటే ఎవరితోనైనా పైకి చదివించుకోండి. వినగానే సగం తెలుస్తుంది: జబక్షారజాన్ అంటే నత్రజని, గంధక అంటే గంధకమే, దస్తా అంటే జింకు, లౌహ అంటే ఇనుము, చూన అంటే సున్నం, అమ్ల అంటే పులుపు.

మట్టి తీయడంలో పోయే రెండు మార్కులు

పంట కోశాక, ఎండలు ముదిరాక, తొలి దుక్కికి ముందు తీయాలి. ఎరువు వేసిన నెలలో తీస్తే వచ్చేది నేల లెక్క కాదు, బస్తా లెక్క. ఎకరాకు 10 నుంచి 15 చోట్ల, అటూ ఇటూ వంకర టింకరగా నడుస్తూ తీయాలి. గట్టు పక్కన, గత్తం (పశువుల ఎరువు) కుప్పేసిన చోట, చెట్టు నీడలో, నీళ్లు నిలిచే మూలలో వద్దు. పైన చెత్త పక్కకు నెట్టి, పారతో వి ఆకారంలో ఆరంగుళాల లోతు గొయ్యి తీసి, ఒక పక్క గోడ నుంచి పైనుంచి కింద దాకా బొటనవేలు మందాన మట్టిని ఒకే పొరగా చెక్కాలి. ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. పై రెండంగుళాలు గీకి ఇస్తారు. సేంద్రియ కర్బనం, భాస్వరం పైపొరలోనే పోగవుతాయి కాబట్టి నేల ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది. జీడిమామిడి తోటకైతే అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతుల మట్టి విడివిడిగా ఇవ్వాలి.

తీసిన మట్టంతా శుభ్రమైన గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి, మిగిలింది మళ్లీ కలిపి, అలా అరకిలో మిగిలేదాకా చేయాలి. నీడలో ఆరబెట్టాలి. ఎరువుల ఖాళీ గోనెలో వేశారో, భాస్వరం ఆకాశానికి అంటుతుంది. జింకు పూత ఉన్న రేకు బకెట్లో కలిపారో, జింకు పుష్కలం అని కార్డు వస్తుంది, అది నమ్మి జింకు వేయకపోతే ఆ ఏడు వరి ఆకు తుప్పు రంగుకు తిరుగుతుంది. ప్లాస్టిక్ బకెట్టు, కొత్త గుడ్డ సంచి చాలు. గరువు మట్టి, పల్లం మట్టి ఎప్పుడూ కలపకండి. రెండిటి సగటుకు సరిపోయే పంటంటూ ఏదీ లేదు.

ముందు చదవాల్సిన గడి పీహెచ్

అందరి వేలూ ముందు నత్రజని, భాస్వరం, పొటాష్ మీదికి పోతుంది. పీహెచ్ చూశాకే మిగతావి చూడాలి. కొండ కింద ఎర్రనేలల్లో 5, 5.5 కనిపించడం మామూలే. వంశధార ఒడ్డున ఒండ్రు మట్టి కొంత నయం. పీహెచ్ 5.5 దిగిందంటే మట్టిలో అల్యూమినియం కరగడం మొదలవుతుంది. అది వేరు కొసను మొద్దుబారుస్తుంది. మొక్కను పెకలించి చూస్తే పొట్టిగా, లావుగా, పిల్లవేర్లు లేని వేళ్లు కనిపిస్తాయి. వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. పప్పుధాన్యాల వేరు బుడిపెలు సరిగా కట్టవు. మాలిబ్డినం అందక కాలీఫ్లవర్ ఆకు ఈనె మిగిలి తోకలా సన్నబడుతుంది.

వేరు తిండి ఎలా తెచ్చుకుంటుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. నైట్రేటు రూపంలోని నత్రజని, కాల్షియం, గంధకం నీళ్లతోపాటు నడిచొస్తాయి. ఆకు నీరు వదిలేకొద్దీ వేరు నీళ్లు లాగుతుంది, సరుకు గుమ్మం దాకా వస్తుంది. భాస్వరం అలా కాదు. కూర్చున్న చోటు నుంచి పంటకాలం మొత్తమ్మీద కొన్ని మిల్లీమీటర్లకు మించి కదలదు. వేరు తానే దాని దగ్గరికి వెళ్లాలి. పొటాష్, జింకు కూడా చాలావరకు ఆ తీరే. అంటే భాస్వరం అందడమనేది బస్తాలో ఎంత ఉందన్న ప్రశ్న కాదు, వేరు ఎంత దూరం పాకిందన్న ప్రశ్న. వేరు కొస మాడిన నేలలో రెండో డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్, భాస్వరం ఎరువు) బస్తా వేయడం, కాళ్లు కట్టేసినవాడి ముందు రెండో విస్తరి పరవడమే.

అందుకే ఈ వైపు గరువుల్లో మొదటి ఖర్చు సున్నానికే. నేలంతా చల్లి పీహెచ్ 6.5కి తేవాలంటే ఎకరాకు టన్ను పైమాటే, బండి కిరాయికే డబ్బు సరిపోదు. దానికి దగ్గరదారి ఉంది: విత్తే చాలులో ఎకరాకు ఒకటి నుంచి ఒకటిన్నర క్వింటాలు వేసి మట్టితో కలపడం. మొలక వేరు మొదటి నెల తిరిగేచోటు బాగుపడుతుంది. ఏటా వేసుకుంటూ పోవాలి. పొలమంతా చల్లితే మాత్రం విత్తడానికి రెండు మూడు వారాల ముందు చల్లి కలియదున్నాలి.

సరుకుల్లో తేడా ఉంది. సున్నపురాయి పొడి బలం 100 అనుకుంటే, నీళ్లు చల్లి విరిసిన సున్నం 135, కాల్చిన సున్నం 179, డోలమైటు 109. డోలమైటులో మెగ్నీషియం కూడా వస్తుంది కాబట్టి ఎర్రనేలకు దానికే మా ఓటు, దొరికితే. కాల్చిన సున్నం తక్కువ చాలుతుంది గాని చేతులు, కళ్లు జాగ్రత్త, విత్తనానికి తగిలితే మాడుతుంది. కాగితం మిల్లు మడ్డి ఒడిశాలో సున్నం బదులు వాడుకలో ఉన్నదే. రాయగడ పక్కన జేకేపూర్‌లో మిల్లు ఉంది కాబట్టి ఆ మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. అందులో ఉన్నది చాలావరకు కాల్షియం కార్బొనేటే. చిక్కు తడితో. ట్రాక్టరు లోడులో సగం నీళ్లే ఉంటే మీరు మోసేది నీళ్లు. పిడికిట్లో పిసికితే నీరు కారే మడ్డి కొనకండి. ఆరబెట్టి, గడ్డలు చితక్కొట్టి వేస్తేనే పనిచేస్తుంది. గోళీకాయంత గడ్డ నేలలో ఏళ్లు గడిచినా గడ్డే.

సున్నాన్ని యూరియాతో, డీఏపీతో ఒకే తట్టలో కలపకూడదు. డీఏపీతో కలిపితే ఘాటు వాసనగా నత్రజని అక్కడికక్కడే ఎగిరిపోతుంది. మోతాదు మీరి వేయడమూ తప్పే. పీహెచ్ 7 దాటితే జింకు, బోరాన్, ఇనుము అందవు.

ఇక సున్నం అక్కర్లేని చోటు: నీళ్లు నిలిచే వరి పల్లం. దమ్ము చేసి నీళ్లు కట్టిన కొన్ని వారాల్లో పుల్లటి నేల తనంతట తానే తటస్థం వైపు జరుగుతుంది. ఇనుము పట్టుకున్న భాస్వరం కూడా ఆ నీళ్ల కింద కొంత విడుదలవుతుంది. కాబట్టి పల్లంలో వేయదలచిన సున్నం గరువుకు తోలండి. ఖరీఫ్ వరికి భాస్వరం తగ్గించి, తర్వాత వచ్చే పెసరకో మొక్కజొన్నకో పూర్తిగా వేసినా వరికి లోటు రాదు.

ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) గడులు ఎంతవరకు నమ్మాలి

నత్రజని గడిని అన్నిటికంటే తక్కువ నమ్మండి. హెక్టారుకు 280 కిలోల లోపు తక్కువ, 560 దాటితే ఎక్కువ అన్నది కొలబద్ద. చాలాచోట్ల ఈ అంకె విడిగా పరీక్షించింది కాదు, సేంద్రియ కర్బనం చూసి లెక్కగట్టింది. పరీక్షించినా ఒక మంచి వాన తర్వాత నైట్రేటు ఎక్కడుంటుందో వానకే తెలియాలి. కర్బనం గడి నమ్మొచ్చు: 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే ఎక్కువ.

భాస్వరం గడికి ఒక మెలిక. క్షార, తటస్థ నేలలకు ఓల్సన్ పద్ధతి, పుల్లటి నేలలకు బ్రే పద్ధతి వాడాలి. పీహెచ్ 5.2 మట్టికి ఓల్సన్‌తో చేసిన అంకె దారి తప్పిస్తుంది. ల్యాబులో 'భాస్వరం ఏ పద్ధతండీ?' అని అడగండి. చికాకు పడకుండా జవాబిచ్చే ల్యాబు మంచి ల్యాబు. హెక్టారుకు 10 కిలోల లోపు తక్కువ, 25 దాటితే ఎక్కువ. పొటాష్‌కు 110, 280. గంధకం పది లక్షల పాళ్లకు 10 లోపు ఉంటే లోటు. అదే కొలతలో మిగతావాటి హద్దులు: జింకు 0.6, బోరాన్ 0.5, ఇనుము 4.5, మాంగనీసు 2, రాగి 0.2. ఈ హద్దు అంకెలు కాగితం మీద రాసి కార్డుకు అంటించుకోండి.

కార్డులో మోతాదులన్నీ హెక్టారుకు ఉంటాయి, ఎకరాకు కావాలంటే రెండున్నరతో భాగించాలి. ఈ సరిహద్దులో ఇంకో గుంట కూడా ఉంది, నిజంగానే గుంట. ఒడిశాలో ఎకరాకు 25 గుంటలు, తెలంగాణలో 40. ఫోనులో తెలంగాణ వీడియో చూసి 'గుంటకు వంద గ్రాముల బోరాక్స్' అని ఇక్కడ వేస్తే ఎకరాకు 4 కిలోలు పడాల్సింది రెండున్నరే పడుతుంది. ఇక్కడి గుంటకు 160 గ్రాములు. డెసిమల్ దగ్గర మాత్రం పేచీ లేదు, అదీ ఆంధ్రా సెంటూ ఒకటే.

బస్తాల మీద తీర్పు

డీఏపీ: 50 కిలోల్లో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. మోయడం సులువు, పేరు గొప్ప. గంధకం లేదు, కాల్షియం లేదు. ఎర్ర గరువుకు రెండో ఎంపిక కూడా కాదు.

సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (సూపర్): బస్తాకు 8 కిలోల భాస్వరం, ఐదున్నర కిలోల గంధకం, పైగా కాల్షియం. మూడు సూపర్ బస్తాలు, 20 కిలోల యూరియా కలిస్తే ఒక డీఏపీ బస్తా, ఆపైన 16 కిలోల గంధకం ఉచితం. ఎర్రనేలకు, ముఖ్యంగా వేరుశనగకు, ఇదే మొదటి ఎంపిక. చెడ్డది ఒక్కటే, మోత. మూడు రెట్లు బస్తాలు గట్టు మీంచి మోసుకెళ్లాలి.

20-20-0-13 (వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు): మూడు బస్తాలకు 30 కిలోల నత్రజని, 30 కిలోల భాస్వరం, పందొమ్మిదిన్నర కిలోల గంధకం. మొక్కజొన్న, పత్తికి సౌకర్యంగా ఉంటుంది. అందులోని నత్రజని దాదాపు అంతా అమ్మోనియా రూపం కాబట్టి నేలను ఇంకా పులుపెక్కిస్తుంది. సున్నం వేసేవాళ్లే వాడాలి.

యూరియా: బస్తా 45 కిలోలు, నత్రజని 20.7 కిలోలు, ధర 266 రూపాయల 50 పైసలు. ధర తక్కువన్న ఒక్క కారణానికే అందరూ ఎక్కువ వేస్తారు. వరిలో మూడు దఫాలు: ఊడ్పుకు, పిలకలకు, అంకురానికి. మడిలో నీళ్లు పలచన చేసి చల్లి, మర్నాడు నీళ్లు కట్టాలి. నిండు నీళ్లలో మధ్యాహ్నం ఎండకు చల్లితే అమ్మోనియాగా పోతుంది. నానో యూరియా 2021లో వచ్చినప్పుడు నాలుగు శాతం నత్రజనితో అరలీటరు సీసా. అంటే 20 గ్రాములు. పక్కన బస్తాలో ఎంతుందో పైన రాశాం, ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. యూరియా కావాలంటే ఫలానా సీసా కొనాల్సిందేనని ముడిపెట్టే షాపు నుంచి బిల్లు అడిగి తీసుకోండి, అలా ముడిపెట్టడం నిబంధనలకు విరుద్ధం.

పశువుల గత్తం: టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్. అంకెల్లో చిన్నదే. పుల్లటి నేలలో దాని అసలు పని వేరు: అల్యూమినియాన్ని పట్టి ఉంచుతుంది, సూపర్‌ను గత్తంతో కలిపి చాలులో వేస్తే భాస్వరం ఇనుము నోట్లో పడకుండా కాపాడుతుంది.

జింకు సల్ఫేటు: ఏడు నీటి అణువులున్నదైతే 21 శాతం, ఒకటున్నదైతే 33 శాతం. ధర పోల్చేముందు సంచి మీద శాతం చూడండి. కార్డులో 0.6 పైన ఉంటే ఈ ఏడు కొననే వద్దు. తక్కువుంటే 21 శాతం సరుకు ఎకరాకు 10 కిలోలు దమ్ములో వేయాలి. భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదు, కొన్ని రోజుల ఎడం ఉండాలి. ఎందుకో గ్లాసులో చూడొచ్చు. ఒక గాజుగ్లాసులో చెంచాడు జింకు సల్ఫేటు, మరోదాంట్లో డీఏపీ కరిగించి, రెండూ వడగట్టి కలపండి. పాలు విరిగినట్టు తెల్లగా గడ్డలు కడుతుంది. మడిలోనూ అదే జరుగుతుంది, గడ్డ కట్టిన జింకు వేరుకు అందదు. ఇదే సరుకు పరీక్ష కూడా: జింకు పేరుతో మెగ్నీషియం సల్ఫేటు అంటగడితే అలా విరగదు. పైరు మీద లోటు కనిపిస్తే లీటరుకు 2 గ్రాములు, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ.

బోరాక్స్: ఇసుక కలిసిన పుల్లటి నేలలో వానకు కొట్టుకుపోయేది బోరానే. కాలీఫ్లవర్ కాడ లోపల గుల్ల, వేరుశనగ పప్పు రెండుగా చీలిస్తే మధ్య గోధుమరంగు గుంట, బొప్పాయి కాయ మీద బొడిపెలు. పదిన్నర శాతం బోరాక్స్ ఎకరాకు 4 కిలోలు, ఇసుకలో కలిపి సమంగా చల్లాలి. రెండు మూడేళ్లకోసారి చాలు. మందుకూ విషానికీ మధ్య సందు బోరాన్‌కు చాలా చిన్నది. ఒకేచోట పిడికెడు పడితే ఆకు అంచు మాడి చెబుతుంది.

రంగు డబ్బాల్లో వచ్చే 'గుళికల' సంగతి క్లుప్తంగా: డబ్బా మీద ఏ మూలకం ఎంత శాతమో లేకపోతే కొనొద్దు.

షాపులో ఇంకో చిన్న పరీక్ష. డీఏపీ గుళికలు నాలుగు అరచేతిలో వేసి, తాంబూలం సున్నం రాసి, పొగాకు నలిపినట్టు నలపండి. ముక్కు దగ్గర పెట్టలేనంత ఘాటు రావాలి. రాలేదంటే రంగేసిన సూపర్ కావచ్చు. సంచి మీది తయారీ వివరాలు, మిషను బిల్లు రెండూ దాచుకోండి. పాతపట్నంలో కొన్నా పర్లాకిమిడిలో కొన్నా సబ్సిడీ ఎరువు వేలిముద్ర మిషను మీదే ఇవ్వాలి.

కార్డు చెప్పని జబ్బు: పల్లంలో ఇనుము

కార్డులో ఇనుము 4.5 దాటితే 'సరిపడా' అని వస్తుంది. 40 ఉన్నా, 90 ఉన్నా అదే మాట. కొండ కింది పల్లాల్లో అసలు చిక్కు ఎక్కువ కావడమే. పైనుంచి ఊట దిగే మడిలో, ఊడ్చిన కొన్ని వారాలకు కింది ఆకుల కొసల నుంచి చిన్న చిన్న గోధుమ చుక్కలు లేచి, ఆకంతా రాగిరంగుకు తిరుగుతుంది. వేర్లు పీకితే నల్లగా, తుప్పు పూతతో ఉంటాయి. నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతుంది. అది కిరసనాయిలు అనుకుంటారు. పుల్లతో పొడవండి: నూనె అయితే మళ్లీ కలిసిపోతుంది, ఇనుము పొర అయితే పలకలుగా విరిగి అలాగే నిలుస్తుంది.

దీన్ని జింకు లోపమనుకుని జింకు సంచి కొనడం, ఆకు పచ్చబడలేదని మళ్లీ యూరియా వేయడం మామూలుగా జరిగే పొరపాటు. జింకు లోపంలో ఆకు మొదట్లో ఈనె తెల్లబడుతుంది, తుప్పు మచ్చలు ఆకు నడుమ మొదలవుతాయి. ఇనుము ఎక్కువైతే కొస నుంచి. చేయాల్సింది నీళ్లు తీసేసి మడికి గాలి తగలనివ్వడం, సన్నటి నెర్ర వచ్చాక కొత్త నీళ్లు కట్టడం. పొటాష్ ఒక దఫా అదనంగా వేయాలి. పొటాష్ చాలని వరి వేరు ఇనుమును బయట ఆపలేదు. వచ్చే ఏడుకు కొండవాలు మొదట్లో అడ్డంగా ఒక కాలువ తీసి ఊటను పక్కకు మళ్లించడం అసలు మందు.

వేరుశనగకు కాల్షియం కిందనే కావాలి

కాల్షియం నీళ్లతో పైకి ఎక్కుతుంది గాని, ఆకు నుంచి కిందికి దిగదు. వేరుశనగ కాయ మట్టిలో ఉంటుంది, అది నీరు ఆవిరి చేయదు, వేరు తాగింది దానికి రాదు. కాయ తన పెంకు నుంచే చుట్టూ ఉన్న మట్టిలోని కాల్షియాన్ని పీల్చుకోవాలి. అందుకే ఆకు నిగనిగలాడుతూ, పీకితే తాలుకాయలు. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం, ఊడ దిగే చోట మొదళ్లకు వేసి మట్టి ఎగదోయాలి. ముందే దుక్కిలో వేస్తే వానకు లోపలికి దిగిపోతుంది. గుర్తుంచుకోండి, జిప్సం కాల్షియం ఇస్తుంది, పులుపు విరచదు. సున్నం బదులు జిప్సం కాదు.

ఒక కార్డు, ఒక ఎకరం

ఇలాంటి కార్డు అనుకుందాం: పీహెచ్ 5.2, కర్బనం 0.48, నత్రజని 210, భాస్వరం బ్రే పద్ధతిలో 9, పొటాష్ 140, గంధకం 8, జింకు 0.7, బోరాన్ 0.28. గరువులో మొక్కజొన్న. సిఫారసు హెక్టారుకు 120-60-60 (నత్రజని, భాస్వరం, పొటాష్ కిలోలు), అంటే ఎకరాకు 48-24-24. తక్కువున్న నత్రజని, భాస్వరం పావు వంతు పెంచితే 60-30-24.

కొనాల్సింది: సున్నం క్వింటాలున్నర, సూపర్ 187 కిలోలు, పొటాష్ 40 కిలోలు, యూరియా 130 కిలోలు, బోరాక్స్ 4 కిలోలు. సూపర్‌తోనే 20 కిలోల గంధకం వచ్చేసింది. జింకు వద్దు. సూపర్ మోత కుదరకపోతే 20-20-0-13 మూడు బస్తాలు, యూరియా 65 కిలోలు, అప్పుడు సున్నం తప్పనిసరి. సున్నం ముందు చాలులో వేసి మట్టి కలిపి, వారం ఆగి, సూపర్, పొటాష్ గింజకు రెండంగుళాలు పక్కగా, రెండంగుళాలు లోతుగా వేయాలి. యూరియా మూడోవంతు విత్తేటప్పుడు, మూడోవంతు మోకాలెత్తులో, మిగిలింది పూత కుచ్చు వచ్చే ముందు, ప్రతిసారీ మట్టి కప్పి.

మూడేళ్లకు మళ్లీ మట్టి ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. చాళ్లలో సున్నం వేసిన పొలంలో గొయ్యి చాలులో పడితే పీహెచ్ ఆరున్నర, చాలు నడుమ పడితే ఐదు చూపిస్తుంది. చాలుకు అడ్డంగా, ఈ చాలు నుంచి ఆ చాలు దాకా సన్నటి గాడి తీసి, ఆ మట్టంతా కలిపి నమూనా కట్టాలి.